లెక్క తప్పినా ప్రోగ్రామ్ ఆగదు: గణాంకాల ప్యాకేజీలను ఎలా తయారుచేస్తారు, ఎలా పరీక్షిస్తారు?

అమెరికాలోని 90 పెద్ద నగరాల్లో గాలిలోని ధూళికీ, రోజువారీ మరణాలకూ ఉన్న సంబంధాన్ని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఘనపు మీటరు గాలిలో పీఎం10 ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 0.41 శాతం పెరుగుతున్నాయని తేల్చారు. 2002లో అదే డేటాను వాళ్లే మళ్లీ లెక్కిస్తే 0.27 శాతమే వచ్చింది.

డేటా మారలేదు. లోపం ఎస్-ప్లస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు వాడిన ఒక ఫంక్షన్ దగ్గర ఉంది. ఆ ఫంక్షన్ జవాబును ఒక్కసారిగా ఇవ్వదు. ముందు ఒక అంచనా వేసుకుని, దాన్ని మళ్లీ మళ్లీ సవరించుకుంటూ అసలు జవాబుకు దగ్గరవుతుంది. 'ఇక చాలు' అని ఎక్కడ ఆగాలో చెప్పే హద్దును వాడేవారు విడిగా ఇవ్వకపోతే సాఫ్ట్‌వేరే ఒకటి పెట్టుకుంటుంది. ఈ తరహా లెక్కకు ఆ డిఫాల్ట్ హద్దు మరీ సడలుగా ఉంది. దాంతో జవాబు చేరకముందే ఫంక్షన్ ఆగిపోయింది.

అప్పట్లో వాయు కాలుష్య పరిశోధనలో ఈ ఫంక్షన్‌ను చాలామంది వాడేవారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ధూళి ప్రమాణాలను సమీక్షిస్తున్న సమయం కూడా అదే. దాంతో పలు అధ్యయనాలను మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. ఆ ఫలితాలను హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2003లో ప్రచురించింది. ధూళికీ మరణాలకూ సంబంధం ఉందన్న నిర్ధారణ నిలబడింది. దాని పరిమాణం మాత్రం తగ్గింది.

ఇంత జరిగినా ఆ ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. బ్యాంకు యాప్‌లో లోపముంటే డబ్బు వెళ్లదు, వినియోగదారుడికి వెంటనే తెలిసిపోతుంది. గణాంకాల ప్యాకేజీలో లోపముంటే ఒక అంకె వస్తుంది. అది సరైన అంకె ఎంత నమ్మకంగా కనిపిస్తుందో అంతే నమ్మకంగా కనిపిస్తుంది. అందుకే ఇలాంటి ప్యాకేజీల తయారీలో కోడ్ రాయడం కన్నా, రాసిన కోడ్‌ను అనుమానించే పద్ధతి ముఖ్యం. ఆ పద్ధతి ఎలా ఉంటుందో, ఈ రంగంలో ఎక్కువగా వాడే 'ఆర్' భాషను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఆర్ ఏమిటి, ప్యాకేజీ ఏమిటి?

ఆర్ అనేది గణాంకాల కోసం తయారైన ఉచిత ప్రోగ్రామింగ్ భాష. దీని మూలం 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం రూపొందించిన ఎస్ భాష. పైన చెప్పిన ఎస్-ప్లస్ దానికి వాణిజ్య రూపం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ 1990ల తొలినాళ్లలో ఆర్‌ను మొదలుపెట్టారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది.

ఒక పనికి కావాల్సిన ఫంక్షన్లు, వాటి వివరణలు, వాటిని పరీక్షించే టెస్టులు అన్నీ ఒక క్రమంలో సర్దిన మూటే ప్యాకేజీ. ఆర్ వాడేవారు రాసిన ప్యాకేజీలు 'క్రాన్' అనే భాండాగారంలో చేరతాయి. 1997లో మొదలైన ఈ భాండాగారంలో ఇప్పుడు 20 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. విశ్వవిద్యాలయాలు, మందుల కంపెనీలు, ప్రభుత్వ గణాంక సంస్థలు, డేటా జర్నలిస్టులు వీటిని వాడుతున్నారు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1948లో ఒక పరీక్షా పద్ధతిని ప్రతిపాదించారు. దాన్ని స్కోర్ టెస్ట్ అంటారు. ఆర్‌లో కొన్ని రకాల మోడళ్లను పోల్చేటప్పుడు 'రావ్' అన్న ఒక్క మాట టైప్ చేస్తే ఆ పరీక్ష జరిగిపోతుంది. రావు రాసిన వ్యాసం చదివినవారు సూత్రాన్ని అంచెలంచెలుగా సరిచూసుకోగలరు. ఆ మాట టైప్ చేసేవారిలో ఎక్కువమంది లోపలి కోడ్‌ను చూడరు. మధ్యలో ఎవరో ఒకరు సరిచూశారన్న నమ్మకంతోనే ముందుకెళ్తారు. ఆ సరిచూడటం నిజంగా జరిగిందా అన్నదే అసలు ప్రశ్న.

మొదటి పని: జవాబు దేన్నంటామో రాసుకోవడం

భారత కుటుంబ సర్వేల డేటా నుంచి సగటు వినియోగ వ్యయాన్ని లెక్కించే ఒక చిన్న ప్యాకేజీని తయారుచేస్తున్నామని అనుకుందాం. ఇది ఊహాజనిత ప్యాకేజీయే. కానీ దానికి ఎదురయ్యే ఇబ్బందులు నిజమైనవి.

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో ఒక మనిషి నెలసరి సగటు ఖర్చు గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. ప్రభుత్వ పథకాల కింద ఉచితంగా అందిన బియ్యం, సైకిల్, ల్యాప్‌టాప్ లాంటి వాటికి విలువ కట్టి కలిపితే ఇవే 3,860, 6,521 అవుతాయి. రెండూ అధికారిక అంకెలే. ప్యాకేజీలోని ఫంక్షన్ ఈ రెండింటిలో దేన్ని ఇస్తుంది? ఈ మాట కోడ్ రాయకముందే తేలాలి. లేకపోతే వచ్చిన జవాబు తప్పో ఒప్పో చెప్పడానికి ప్రమాణమే ఉండదు.

తర్వాతి ప్రశ్న శాంపిల్ గురించి. ఆ సర్వేలో 2,61,746 కుటుంబాలను అడిగారు. వాటిలో 1,55,014 గ్రామాలవి. అంటే శాంపిల్‌లో గ్రామాల వాటా దాదాపు 59 శాతం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో గ్రామాల వాటా దాదాపు 69 శాతం. శాంపిల్‌ను ఉన్నదున్నట్టు కూడి సగటు తీస్తే జవాబు పట్టణాల వైపు మొగ్గుతుంది. అందుకే ప్రతి కుటుంబం పక్కన ఒక 'మల్టిప్లయర్' ఉంటుంది. ఈ కుటుంబం దేశంలోని ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే సంఖ్య అది.

రెండో పని: చేత్తో లెక్క, తర్వాతే కోడ్

మంచి ప్యాకేజీ రచయితలు లక్షల వరుసల డేటాతో మొదలుపెట్టరు. కాగితం మీద లెక్కించగలిగేంత చిన్న డేటాను తయారుచేసుకుంటారు.

ఆరు కుటుంబాలున్నాయనుకోండి. మూడు గ్రామాల్లో ఉన్నాయి, ఖర్చులు 3,000, 4,000, 5,000 రూపాయలు. ఒక్కోటి 400 కుటుంబాలకు ప్రతినిధి. మూడు పట్టణాల్లో ఉన్నాయి, ఖర్చులు 8,000, 9,000, 10,000. ఒక్కోటి 100 కుటుంబాలకు ప్రతినిధి. మల్టిప్లయర్లు పట్టించుకోకుండా సగటు తీస్తే 6,500 రూపాయలు. మల్టిప్లయర్లతో గుణించి కూడితే 75 లక్షలు. మల్టిప్లయర్ల మొత్తం 1,500. భాగిస్తే సగటు 5,000 రూపాయలు. ఇదే మొదటి టెస్ట్: ఈ ఆరు వరుసలు ఇస్తే ఫంక్షన్ 5,000 ఇవ్వాలి.

ఇప్పుడు అసలు చిక్కు. 10,000 ఖర్చు చేసిన పట్టణ కుటుంబం వివరం డేటాలో ఖాళీగా ఉందనుకుందాం. నిజమైన సర్వేల్లో ఇలాంటి ఖాళీలు తరచూ ఉంటాయి. పై వరుసలో ఆ కుటుంబం ఖర్చును వదిలేసిన కోడ్, కింది వరుసలో దాని మల్టిప్లయర్‌ను కూడా వదలాలి. అప్పుడు 65 లక్షలను 1,400తో భాగిస్తే 4,643 రూపాయలు వస్తాయి. కింద వదలడం మరిచిపోతే 65 లక్షలను 1,500తో భాగించినట్టవుతుంది, 4,333 వస్తుంది. 310 రూపాయల తేడా. 4,333 చూసి ఇది తప్పని ఎవరూ అనలేరు. అది పూర్తిగా నమ్మదగ్గ అంకెలానే ఉంటుంది. ముందే చేత్తో లెక్కేసి 4,643 అని రాసుకున్న టెస్ట్ మాత్రమే దాన్ని పట్టుకుంటుంది.

ఆర్‌లో ముందే ఉన్న భారిత సగటు ఫంక్షన్, ఖాళీలను వదిలేయమని చెబితే, పైనా కిందా రెండుచోట్లా సరిగానే వదులుతుంది. మల్టిప్లయరే ఖాళీగా ఉంటే మాత్రం జవాబు కూడా 'లేదు' అనే ఇస్తుంది. ఈ రెండు సందర్భాలనూ మన ప్యాకేజీ ఎలా చూస్తుందో టెస్టుల్లో రాసిపెట్టాలి.

రోజువారీ పని ఎలా నడుస్తుంది?

ఆర్ ప్యాకేజీకి ఒక స్థిరమైన నిర్మాణం ఉంటుంది. కోడ్‌కు ఒక ఫోల్డర్, టెస్టులకు ఒకటి, సహాయ పేజీలకు ఒకటి. ప్యాకేజీ పేరు, వెర్షన్, అది ఆధారపడే ఇతర ప్యాకేజీల జాబితాకు 'డిస్క్రిప్షన్' అనే ఫైలు. ఈ నిర్మాణాన్ని సిద్ధం చేయడానికి 'యూజ్‌దిస్', రోజువారీ పనికి 'డెవ్‌టూల్స్', టెస్టులకు 'టెస్ట్‌దట్', సహాయ పేజీలకు 'ఆక్సిజన్‌'ను పోలిన పేరున్న 'రాక్సిజన్' అనే ప్యాకేజీలను ఎక్కువమంది వాడతారు.

పని ఒక చక్రంలా సాగుతుంది. ఫంక్షన్‌లో చిన్న మార్పు చేస్తారు. ప్యాకేజీని మళ్లీ లోడ్ చేస్తారు. టెస్టులన్నీ నడుపుతారు. ఒక్కటి తప్పినా ముందుకు వెళ్లరు. అన్నీ నెగ్గితే సహాయ పేజీని సవరిస్తారు. ఆ మార్పును, ఎందుకు చేశారో ఒక వాక్యంతో సహా, 'గిట్' అనే చరిత్ర పుస్తకంలో నమోదు చేస్తారు. ఈ చక్రం రోజుకు పదులసార్లు తిరగొచ్చు. ఆరు నెలల తర్వాత జవాబు మారిందని తెలిస్తే, ఏ రోజు ఏ మార్పుతో మారిందో వెనక్కి వెళ్లి చూడొచ్చు.

ఒక కట్టుబాటు ఇక్కడ ముఖ్యం. ఎవరైనా బగ్ ఉందని చెబితే వెంటనే కోడ్ సరిచేయరు. ముందు ఆ బగ్‌ను పట్టుకునే టెస్ట్ రాస్తారు. అది తప్పుతోందని చూస్తారు. ఆ తర్వాతే కోడ్ సవరించి, టెస్ట్ నెగ్గేలా చేస్తారు. ఆ టెస్ట్ ఇక ప్యాకేజీలోనే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత మరొకరు అదే తప్పు మళ్లీ చేస్తే అది అడ్డుకుంటుంది.

టెస్టుల్లో రకాలు

చేత్తో లెక్కేసిన జవాబుతో పోల్చడం ఒక్కటే సరిపోదు. గణాంకాల ప్యాకేజీలకు ఇంకా కొన్ని రకాల టెస్టులు కావాలి.

డేటా పూర్తిగా వచ్చిందా? 2020లో సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి మార్చారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. ఆ కేసుల కాంటాక్టులను వెతకడం ఆలస్యమైంది. కాబట్టి డేటాను చదివే ఫంక్షన్‌కు మొదటి టెస్ట్ వరుసల లెక్కే. వ్యయ సర్వే ఫైలు చదివితే 2,61,746 కుటుంబాలు రావాలి. ఒక్కటి తగ్గినా ఫంక్షన్ ఆగిపోవాలి. జాతీయ శాంపిల్ సర్వేల డేటాలో చాలా భాగం, ఏ వివరం ఏ గడి నుంచి ఏ గడి దాకా ఉందో విడిగా జాబితా ఇచ్చే టెక్స్ట్ ఫైళ్లుగా వస్తుంది. ఒక్క గడి అటు ఇటైనా అంకెలే వస్తాయి, కాకపోతే వేరే అంకెలు.

మొత్తాలు సరిపోతున్నాయా? శాంపిల్ సర్వేల చాలా రౌండ్లలో ఫైలులోని మల్టిప్లయర్‌ను నేరుగా వాడకూడదు. కొన్ని వరుసల్లో 100తోనూ, రెండు ఉప శాంపిళ్లు కలిసిన చోట 200తోనూ భాగించాలి. అన్నిటినీ 100తో భాగించేస్తే సగటు పెద్దగా మారదు. పైన రెట్టింపైంది కిందా రెట్టింపవుతుంది. అందుకే తప్పు కనబడదు. దేశంలోని కుటుంబాల మొత్తం అంచనా మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. సగటును మాత్రమే పరీక్షించే ప్యాకేజీ ఈ తప్పును మోసుకుంటూ తిరుగుతుంది. మొత్తాన్ని కూడా పరీక్షించేది పట్టుకుంటుంది.

మారకూడనిది మారుతోందా? కొన్నిసార్లు సరైన జవాబు ముందుగా తెలియదు. కానీ దాని స్వభావం తెలుస్తుంది. వరుసల క్రమం తారుమారు చేస్తే సగటు మారకూడదు. మల్టిప్లయర్లన్నిటినీ రెట్టింపు చేసినా మారకూడదు. ఖర్చులన్నిటినీ రూపాయల నుంచి పైసల్లోకి మారిస్తే సగటు సరిగ్గా 100 రెట్లు కావాలి. ఎంత పెద్ద డేటా మీదైనా ఈ టెస్టులు నడుస్తాయి.

అంచుల్లో ఏమవుతోంది? ఒక్క వరుస కూడా లేని డేటా ఇస్తే? మల్టిప్లయర్లన్నీ సున్నా అయితే? ఒక ప్రాంతం నుంచి ఒక్క గ్రామాన్నే ఎంచుకుని ఉంటే? ఈ చివరి ప్రశ్నకు ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లమ్లీ రాసిన 'సర్వే' ప్యాకేజీ మంచి ఉదాహరణ. ఒకే గ్రామం ఉంటే గ్రామానికీ గ్రామానికీ మధ్య తేడాను అంచనా వేయడం కుదరదు. అలాంటప్పుడు ఆ ప్యాకేజీ డిఫాల్ట్‌గా ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది. ఏం చేయాలో వాడేవారే నిర్ణయించుకుని విడిగా చెప్పాలి. వాడేవారికి ఇది విసుగు పుట్టించవచ్చు. కానీ ఊహను అంకెగా చూపడం కన్నా ఆగిపోవడం మేలు. 2002 నాటి అనుభవం నేర్పిన పాఠం కూడా అదే.

పొరపాటు అవధి నిజమేనా? గణాంక ఫంక్షన్లు జవాబుతో పాటు అది ఎంత అటూ ఇటూ ఉండొచ్చో కూడా చెబుతాయి. 95 శాతం నమ్మకంతో చెప్పే అవధి నిజంగా 95 శాతం సార్లు అసలు విలువను పట్టుకుంటుందా? దీనికి ఒక కల్పిత జనాభాను కంప్యూటర్‌లో సృష్టిస్తారు. అసలు సగటు ఎంతో ముందే తెలుసు. దాని నుంచి 1,000 సార్లు శాంపిల్ తీస్తారు. అవధి దాదాపు 950 సార్లు అసలు సగటును కలుపుకోవాలి. 936 నుంచి 964 మధ్య వస్తే అది యాదృచ్ఛికమైన ఊగిసలాట అనుకోవచ్చు. 880 వస్తే కోడ్‌లోనో సూత్రంలోనో లోపముంది.

ఎంత దగ్గరైతే సమానం? ఆర్‌లో 0.1, 0.2 కూడి అది 0.3కు సమానమా అని అడిగితే 'కాదు' అంటుంది. కంప్యూటర్ దశాంశాలను ద్వియాంశ రూపంలో దాచుకుంటుంది. ఈ సంఖ్యలు అందులో కచ్చితంగా ఇమడవు. అందుకే టెస్టుల్లో అతి చిన్న తేడాను సహించే హద్దు ఒకటి పెడతారు. హద్దు మరీ బిగిస్తే సరైన కోడ్ కూడా తప్పుతుంది. మరీ వదులుగా పెడితే తప్పు కోడ్ కూడా నెగ్గుతుంది.

చివరిగా, ప్రచురితమైన అంకెతో పోలిక. అసలు సర్వే డేటాను ఇస్తే ప్యాకేజీ 3,773, 6,459 ఇవ్వగలగాలి. వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసిన లెక్కతోనూ సరిపోవాలి. సరిపోకపోతే కారణం దొరికేదాకా విడుదల ఆగుతుంది.

సొంత కంప్యూటర్ దాటాక

'నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది' అన్న మాటకు ప్యాకేజీల ప్రపంచంలో విలువ లేదు. ఆర్‌లోనే ఒక సమగ్ర తనిఖీ ఉంది. అది ప్యాకేజీని కొత్తగా నిర్మించి, సహాయ పేజీల్లోని ఉదాహరణలన్నీ నడిపి, టెస్టులు నడిపి, ఫంక్షన్లకూ వాటి వివరణలకూ పొంతన ఉందో లేదో చూస్తుంది. ఫలితాలను మూడు తరగతులుగా చెబుతుంది: ఎర్రర్, వార్నింగ్, నోట్. కోడ్‌ను గిట్‌హబ్ లాంటి చోట ఉంచేవారు, ప్రతి మార్పుకూ ఇదే తనిఖీ విండోస్, మ్యాక్, లినక్స్ యంత్రాల మీద దానంతటదే జరిగేలా ఏర్పాటు చేసుకుంటారు. ఆర్ ప్రస్తుత వెర్షన్‌తో పాటు, ఇంకా విడుదల కాని వెర్షన్ మీద కూడా నడుపుతారు.

క్రాన్‌కు పంపాక అక్కడి తనిఖీలు మళ్లీ మొదలవుతాయి. అప్పటికే ఆ ప్యాకేజీ మీద ఇతర ప్యాకేజీలు ఆధారపడి ఉంటే, కొత్త వెర్షన్ వాటిని పాడుచేస్తుందేమో కూడా చూస్తారు. పాడుచేసేలా ఉంటే వాటి రచయితలకు ముందే చెప్పాలి. ఒకటి రెండు నెలలకు ఒకసారి కన్నా తరచుగా కొత్త వెర్షన్లు పంపొద్దని క్రాన్ నియమాలు చెబుతాయి. చేరిన తర్వాత కూడా తనిఖీలు ఆగవు. లోపం బయటపడి, చెప్పిన గడువులో సరిచేయకపోతే ప్యాకేజీని పాత వస్తువుల గదికి పంపేస్తారు.

కోడ్ మారకపోయినా జవాబు మారుతుంది

ఒకసారి నెగ్గిన టెస్టులను మళ్లీ మళ్లీ ఎందుకు నడపాలి? ఎందుకంటే ప్యాకేజీ నిలబడ్డ నేల కదులుతుంటుంది.

2019లో వచ్చిన ఆర్ 3.6.0 వెర్షన్‌లో యాదృచ్ఛిక శాంపిల్ తీసే పద్ధతిని మార్చారు. పాత పద్ధతిలో, పెద్ద జనాభాల విషయంలో, అన్ని అంశాలకూ సరిసమాన అవకాశం దక్కడం లేదని తేలడమే కారణం. మార్పు మంచిదే. కానీ పాత కోడ్‌ను అదే 'సీడ్'తో కొత్త వెర్షన్‌లో నడిపితే వేరే శాంపిల్ వస్తుంది. 2020లో వచ్చిన ఆర్ 4.0.0లో, ఫైలు నుంచి చదివిన అక్షరాలను వర్గాలుగా మార్చేసే పాత అలవాటును డిఫాల్ట్‌గా తీసేశారు. ఆ అలవాటు మీద ఆధారపడ్డ కోడ్‌ను ఎందరో సవరించుకోవాల్సి వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ టెస్టులున్న ప్యాకేజీల రచయితలకు విషయం ముందే తెలిసింది. లేనివారికి వాడేవారు చెబితే తెలిసింది, లేదా ఎవరికీ తెలియలేదు.

అందుకే ప్యాకేజీలో మార్పుల చిట్టా ఉంటుంది. ఒక ఫంక్షన్ జవాబు మారబోతుంటే ముందు వెర్షన్‌లోనే హెచ్చరిక ఇస్తారు. నివేదిక రాసేవారు కూడా ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ వాడారో రాయాలి. అది లేకపోతే రెండేళ్ల తర్వాత ఆ అంకెను తిరిగి రాబట్టడం కష్టం.

టెస్టులు పట్టుకోలేనివి

టెస్టులు ఎన్ని రాసినా ఒక హద్దు ఉంది. కోడ్ తనకు చెప్పిన లెక్క సరిగ్గా చేస్తోందా అన్నది అవి చూస్తాయి. చెప్పిన లెక్కే తప్పయితే ఏమీ చేయలేవు.

ఇద్దరున్న ఒక కుటుంబం 10,000 ఖర్చు చేస్తుంది, తలకు 5,000. ఎనిమిది మందున్న మరో కుటుంబం 16,000 ఖర్చు చేస్తుంది, తలకు 2,000. రెండు తలసరి అంకెల సగటు 3,500. కానీ పది మంది కలిసి ఖర్చు చేసింది 26,000, అంటే మనిషికి 2,600. 3,500 ఇచ్చే ఫంక్షన్‌కు 3,500 ఇవ్వాలన్న టెస్టే రాస్తే అది ఎప్పటికీ నెగ్గుతుంది. కోడ్‌లో నూటికి నూరు శాతం వరుసలను టెస్టులు తాకాయన్న లెక్క కూడా దీన్ని బయటపెట్టదు. సర్వేలు తెలిసిన మరో మనిషి చదివి, 'ఇది కుటుంబాల సగటా, మనుషుల సగటా?' అని అడగాలి.

క్రాన్‌లో చేరిందంటే అంకెలు సరైనవని ఎవరో హామీ ఇచ్చినట్టు కాదు. ఆ తనిఖీలు ముఖ్యంగా నిర్మాణాన్ని చూస్తాయి, గణాంక సూత్రాన్ని కాదు. ఆర్‌ను తెరవగానే కనిపించే తొలి వాక్యాల్లోనే దీనికి ఎలాంటి వారంటీ లేదని ఉంటుంది.

అయినా కోడ్ బయట ఉండటం వల్ల ఒక మేలుంది. కార్మెన్ రీన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పత్రం ప్రకారం, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం. పొదుపు చర్యలను సమర్థించినవారు దాన్ని విరివిగా ఉటంకించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, తన ఆచార్యులతో కలిసి అదే లెక్కను మళ్లీ చేస్తే 2.2 శాతం వచ్చింది. డేటా ఎంపిక, సగటు తీసిన పద్ధతితో పాటు, స్ప్రెడ్‌షీట్ సూత్రంలో ఐదు దేశాల వరుసలు కలవకపోవడం కూడా కారణం. రచయితలు తమ స్ప్రెడ్‌షీట్‌ను హెర్న్‌డన్‌కు పంపడం వల్లే ఆ సంగతి తెలిసింది. అది చేతికి రాకపోయి ఉంటే అంకెలు ఎందుకు కలవడం లేదో అర్థమయ్యేది కాదు.

వాడేవారు ఏం అడగాలి?

వ్యయ సర్వేల డేటా ధరల సూచీలో ఏ వస్తువుకు ఎంత వాటా ఉండాలో చెబుతుంది. పేదరికం తగ్గిందా లేదా అన్న వాదనలు దాని మీదే నడుస్తాయి. ఆ డేటాను ఇప్పుడు విద్యార్థులు, జర్నలిస్టులు, స్వచ్ఛంద సంస్థలు సొంతంగా డౌన్‌లోడ్ చేసుకుని లెక్కలు తీస్తున్నారు. వాళ్లలో చాలామంది ఎవరో రాసిన ప్యాకేజీని వాడుతున్నారు.

కోడ్ చదవడం రానివారు కూడా నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ప్యాకేజీలో టెస్టుల ఫోల్డర్ ఉందా? ప్రచురితమైన ఏదైనా ఒక అధికారిక అంకెను అది తిరిగి ఇవ్వగలిగిందా? ఖాళీ వివరాలను ఏం చేస్తుందో సహాయ పేజీలో రాశారా? చివరిసారి ఎప్పుడు సవరించారు, ఎవరైనా చెప్పిన లోపాలకు జవాబిచ్చారా? వీటిలో ఒక్కదానికీ సమాధానం లేకపోతే, ప్యాకేజీ ఇచ్చిన అంకెను నివేదికలో పెట్టేముందు పది వరుసల డేటా తీసుకుని కాగితం మీద లెక్కేసి చూడటం మంచిది. దానికి అరగంట పడుతుంది. తప్పు అంకె ఒకసారి అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది.